డబ్బులు రావడం మొదలయ్యాక కెమెరా ముట్టబుద్ధి కావడం లేదు. ఉద్యోగం మానాలా, వద్దా?

చెరువుగట్టు:

ఎనిమిదేళ్లుగా బీమా ఆఫీసులో క్లెయిములు చూసే ఉద్యోగం నాది. ఆరేళ్ల క్రితం ఒకరు వాడిన కెమెరా, దాంతోపాటే దూరంలో ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-300 లెన్సు కొనుక్కున్నాను. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చెరువుంది. అక్కడ ఒక లకుముకి పిట్ట రోజూ ఒకే ఎండుకొమ్మ మీద వాలేది. అది నీళ్లలోకి దూకే క్షణం పట్టుకోవాలని తెల్లారకముందే వెళ్లి కూర్చునేవాణ్ణి. మొదటి 14 నెలలూ ఒక్క ఫ్రేమ్ సరిగా రాలేదు. దూకాక నొక్కితే చిందిన నీళ్లే మిగిలేవి. దూకుతుందేమోనని ముందే నొక్కితే కొమ్మ మీద కూర్చున్న పిట్టే. తర్వాత తర్వాత దాని తల గమనించడం అలవాటైంది. దూకే ముందు తల పైకీ కిందికీ ఆడిస్తుంది, నీళ్లలో చేప ఎంత లోతులో ఉందో అంచనా కడుతున్నట్టు. ఆ కదలిక కనబడగానే ఊపిరి బిగబట్టి, షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతు మీద పెట్టుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఒకరోజు ముక్కు నీటికి ఆనిన ఫ్రేమ్ దొరికింది. ఆరోజు ఆఫీసులో ఏం పని చేశానో ఇప్పటికీ గుర్తులేదు.

ఆ ఫోటోలు చూసి ఒక బంధువు వాళ్ల అబ్బాయి పుట్టినరోజుకు పిలిచారు. అక్కణ్ణుంచి ఒకరి ద్వారా ఒకరు. గత ఎనిమిది నెలల్లో 11 ఫంక్షన్లు తీశాను, అందులో నాలుగు పెళ్లిళ్లు. డబ్బు బాగానే వచ్చింది, ఎవరూ బాలేదని అనలేదు. ఇక ఇదే వృత్తి చేసుకుందామని రాజీనామా ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, మూడు వారాలుగా కెమెరా బ్యాగు జిప్పు తీయలేదు. చెరువు దగ్గరికి వెళ్లడం మానేసి నాలుగు నెలలైంది. శనివారం ఫంక్షన్ ఉందంటే గురువారం నుంచే గుండె మీద రాయి పెట్టినట్టుంటుంది. పోయిన పెళ్లిలో 2,300 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి వాటిని ఏరుతుంటే ఒక్కటీ నాదని అనిపించలేదు. ఎవరో చెప్పిన జాబితా ప్రకారం ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోయినట్టుంది. క్లెయిమ్ ఫారాలు చూసినట్టే.

నా ఇష్టం ఇంతేనా? డబ్బు తగలగానే ఆరిపోయేదాన్ని పట్టుకుని ఉద్యోగం వదులుకోవడం తెలివితక్కువ పనా? లేక ఇది అందరికీ వచ్చే దశేనా, ఓపిక పడితే దాటిపోతుందా? ఈ దారిలో నడిచినవాళ్లు మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది.


ఆదివారం కెమెరా:

తమ్ముడూ, ఆ ఉత్తరం ఇవ్వకు.

నేను ఆసుపత్రిలో నర్సుని. 22 ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. ఇంతవరకు ఒక్కదానికీ డబ్బు తీసుకోలేదు. అడిగినవాళ్లు లేక కాదు, నాకు వద్దు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు తెరవబోతున్న దుకాణాల షట్టర్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్ల చేతులు తీస్తుంటాను. అదొక్కటే నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని పని. వార్డులో ప్రతి నిమిషానికీ రిజిస్టరు ఉంటుంది. ఈ అరగంటకు లేదు.

వివియన్ మేయర్ గురించి చదివే ఉంటావు. దాదాపు 40 ఏళ్లు ఇళ్లల్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికారు. దొరికిన ప్రతి ఖాళీలోనూ వీధుల్లో ఫోటోలు తీశారు. లక్షకు పైగా నెగెటివ్‌లు పోగయ్యాయి, చాలా రీళ్లు డెవలప్ కూడా చేయించలేదు. సామాను దాచుకున్న గదికి అద్దె కట్టలేకపోవడంతో 2007లో అవి వేలానికి వచ్చి బయటపడ్డాయి. 2009లో ఆమె చనిపోయేనాటికి ఆమె పేరు లోకానికి తెలియదు. మెచ్చుకునే క్లయింట్లు లేకుండా, డబ్బు లేకుండా అన్నేళ్లు తీశారంటే ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించు. ఆమె పేదరికాన్ని గొప్ప చేయడం లేదు, అది బాధాకరమే. నేననేది ఒక్కటే: ఫోటోగ్రఫీ నిజమైనది కావాలంటే అది వృత్తే కావాలని ఎక్కడా లేదు.

ముందు చెరువు దగ్గరికి వెళ్లు. మిగతాది తర్వాత.


గాజుసీసా:

చెరువుగట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 15 ఏళ్ల క్రితం నేను ఎవరినీ అడగలేక లోపలే దాచుకున్న ప్రశ్న ఇది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా ఉండేదాన్ని. బీకర్లు, పిపెట్లు కడగడం, ప్రయోగాలకు సిద్ధం చేయడం నా పని. 50ఎంఎం లెన్సు ఒక్కటే ఉన్న కెమెరాతో మొదలుపెట్టి నాలుగేళ్లు పువ్వులు తీశాను. పూలంటే పిచ్చి అనేవాళ్లు, నేనూ అదే నమ్మాను. తర్వాత ఉద్యోగం మాని ఫంక్షన్లకు దిగాను. మొదటి ఏడాది ఉత్సాహంగానే గడిచింది. రెండో ఏడాదికి మీరన్న ఆ గురువారం బరువు నాకూ మొదలైంది.

ఆ బరువులో ఉన్నప్పుడే ఒక తప్పు చేశాను. నా కెమెరాకు ఒక్కటే మెమరీ కార్డు స్లాటు. ఒక పెళ్లిలో మధ్యలో కార్డు మార్చాలి, మార్చలేదు. విసుగుతో ఎలా ఉన్నది అలా వదిలేశాను. ఇంటికొచ్చి కంప్యూటరుకు పెడితే చివరి రెండు గంటల ఫైళ్లు తెరుచుకోలేదు. రికవరీకి ఇచ్చినా సగం కూడా రాలేదు. ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లి చెప్పాను. డబ్బంతా తిరిగి ఇచ్చేశాను. ఆమె ఏమీ అనలేదు, "మా తాతయ్య ఫోటోలు వచ్చాయా?" అని మాత్రం అడిగింది. రాలేదు. ఆ తర్వాత రెండు నెలలు కెమెరా ముట్టలేదు. మళ్లీ ల్యాబులో ఖాళీ ఉందేమో కనుక్కున్నాను కూడా.

ఆ రెండు నెలల చివర తెలిసినావిడ ఒకరు చిన్న సెంటు సీసా తెచ్చి, ఒక్క ఫోటో తీసి పెట్టమన్నారు. గంట పని అనుకున్నాను. తొమ్మిది రాత్రులు పట్టింది.

గాజును తీయడం ఎందుకు కష్టమో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నా జీవితం మలుపు తిరిగింది అక్కడే. మామూలు వస్తువు మీద లైటు వేస్తే వస్తువు కనిపిస్తుంది. గాజు మీద వేస్తే లైటు కనిపిస్తుంది. సాఫ్ట్‌బాక్స్, అంటే లైటు ముందు పెట్టే తెల్లగుడ్డ పెట్టె, దాని ఆకారం తెల్లటి మచ్చలా సీసా మీద కూర్చుంటుంది, సీసా మాత్రం వెనకున్న గోడలో కలిసిపోతుంది. మొదటి మూడు రాత్రులూ నేను లైటు ఇటూ అటూ జరుపుతూ, పవర్ పెంచుతూ తగ్గిస్తూ గడిపాను. నాలుగో రాత్రి నోట్‌బుక్ పెట్టుకున్నాను. ల్యాబు అలవాటు. ప్రతి ఫ్రేముకూ లైటు ఎంత దూరంలో ఉంది, ఏ కోణంలో ఉంది, ఎఫ్ నంబరు (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) ఎంత, ఏం మారింది అని రాసుకుంటూ పోయాను. ఎఫ్11 దగ్గర కదలకుండా ఉంచి, ఒక్కసారికి ఒక్కటే మార్చాను.

ఆరో రాత్రి తెలిసింది, లైటు పడాల్సింది సీసా మీద కాదు, సీసా వెనక అని. వెనక వెలుగును మెత్తగా పరిచే తెల్లటి డిఫ్యూజర్ షీటు నిలబెట్టి, దాని వెనక నుంచి ఫ్లాష్ కొట్టాను. ఆ తెలుపు ఫ్రేము నిండా మాత్రమే ఉండేలా, ఫ్రేము దాటి బయటికి రాకుండా చుట్టూ నల్ల అట్టలతో మూశాను. అప్పుడు గాజు అంచులు పక్కనున్న నలుపును వంచి తెచ్చుకుని, సన్నటి పెన్సిలు గీతలా సీసా చుట్టూ నిలబడ్డాయి. దీన్ని తిరగేస్తే ఇంకొకటి: సరిగ్గా సీసా వెనక నల్ల అట్ట పెట్టి, ఆ అట్ట చుట్టూ వెలుగు కనబడేలా చేస్తే, చీకట్లో అంచులు మాత్రం తెల్లగా మెరుస్తాయి. ఇదంతా ఫోటోగ్రఫీ విద్యార్థులకు మొదట్లోనే నేర్పే సంగతే. నాకు చెప్పినవాళ్లు లేరు, అందుకే ఆరు రాత్రులు పట్టింది. కానీ ఆ గీత కెమెరా స్క్రీను మీద కనబడిన క్షణం, మీకు పిట్ట ముక్కు నీటికి ఆనిన క్షణం లాంటిదే. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఒక్కదాన్నే గదిలో నిలబడి ఏడ్చాను.

మిగతా మూడు రాత్రులూ సీసాలోని ద్రవం రంగు, లేబులు మీద వెలుగు సరిచూసుకోవడానికి పోయాయి.

తర్వాత ఒక అనుమానం వచ్చింది. నాలుగేళ్ల పాత పువ్వుల ఫోటోల్లోంచి నాకు బాగా నచ్చిన 80 తీసి, చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరిచాను. అందులో 60కి పైగా ఫోటోల్లో ఎండ పువ్వు వెనక నుంచి వస్తోంది! రేకల్లోంచి దూరి, ఈనెలు కనబడేలా. అంటే నాకిష్టమైంది పువ్వులు కాదు. ఒకదాని గుండా వెలుతురు దాటి రావడం. ఆ సంగతి నా చేతులకు ఎప్పుడో తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది. ల్యాబులో కడిగిన బీకరు కిటికీకి ఎత్తి పట్టుకుని చూసే అలవాటు గుర్తొచ్చింది. ఫంక్షన్లలో నాకు ఊపిరాడకపోవడం నా బద్ధకం కాదు, పెళ్లిళ్ల తప్పూ కాదు. నేను ప్రేమించేది అక్కడ దాదాపు లేదు, అంతే.

అప్పట్నుంచి గాజు, నీళ్లు, నగల రాళ్లు, కళ్లజోళ్లు, దీపాలు ఇవే తీస్తున్నాను. అన్నీ బతుకుదెరువు కోసం తీసేవే. ఏ రోజూ విసుగు రాలేదని చెప్పను. కళ్లజోళ్ల కేటలాగు 140 తీసేటప్పుడు నడుము పడిపోతుంది. అయినా ఆ 140లో ఏదో ఒక అద్దం మీద వెలుగు జారే తీరు చూసి ఆగిపోతాను.

కాబట్టి మీకు నా మాట: "ఫోటోగ్రఫీ అంటే ఇష్టం" అని చెప్పుకోవడం కొన్నాళ్లు ఆపండి. అది చాలా పెద్ద మాట, దాని కింద అసలు ఇష్టం కనబడదు. మీ ఆరేళ్ల ఫోటోల్లోంచి 60 ఏరండి. పదిమందికీ నచ్చినవి కాదు, మీరు మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునేవి. ప్రింటు వేయండి, ఫోన్‌లో వద్దు, నేల మీద పరిస్తేనే తెలుస్తుంది. ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955లో మొదలుపెట్టి అమెరికా అంతా తిరిగి 767 రీళ్లు, 27,000కు పైగా ఫ్రేములు తీసి, వాటిలో వెయ్యి దాకా ప్రింట్లు వేసి గోడలకు అంటించి, నేల మీద పరిచి, చివరికి తన 'ది అమెరికన్స్' పుస్తకంలో 83 మాత్రమే ఉంచారు. తీయడం ఎంత పనో అలా పరిచి చూడటం అంత పని. దానికి ఒక పక్షం రోజులు ఇవ్వండి. ఏది తిరిగి తిరిగి వస్తోందో రాసుకోండి.

ఉత్తరం మాట ఆ తర్వాత. ఆదివారం కెమెరా గారు చెప్పినట్టు ముందు చెరువు దగ్గరికి వెళ్లడమూ మంచిదే. కానీ వృత్తి వద్దన్న మాటతో నేను ఏకీభవించను. ఇంకొకరి సీసా కోసం కాకపోతే నేను ఆ తొమ్మిది రాత్రులు కూర్చునేదాన్నే కాదు. నా పువ్వుల్ని నేను ఎప్పుడో వదిలేసి ఉండేదాన్ని.


రెండో షట్టర్:

నేను 14 ఏళ్లుగా పెళ్లిళ్లే తీస్తున్నాను, ఇష్టంగా తీస్తున్నాను. కాబట్టి పెళ్లిళ్ల తరఫున కూడా ఒక మాట.

జాబితా ప్రకారం టిక్ పెట్టుకుంటూ పోయానన్నావు కదా. ఆ జాబితా ఉండాల్సిందే తమ్ముడూ. వాళ్ల కుటుంబానికి 30 ఏళ్ల తర్వాత కావాల్సింది అదే, గాజుసీసా గారు చెప్పిన ఆ తాతయ్య ఫోటో. నేను ఆ జాబితాను మొదటి గంటలో ముగించి పక్కన పెడతాను. మిగతా రోజంతా ఒక్కటే చూస్తాను: ఎవరూ తమను చూడటం లేదని అనుకున్నప్పుడు మనుషుల ముఖాలు. నిలబడి నిలబడి అలసిపోయి చెప్పులు విప్పి మెట్ల మీద కూర్చున్న తల్లి. ఫోన్‌లో ఎవరితోనో గొడవపడి వచ్చి నవ్వు తెచ్చుకుంటున్న అన్న. వాటి కోసమే నేను 35ఎంఎం, 85ఎంఎం లెన్సులున్న రెండు కెమెరాలు భుజాలకు వేసుకుని పన్నెండు గంటలు తిరగగలను. నీకు అది లేకపోతే లేదు, తప్పేం కాదు. కానీ నీ పిట్టల సంగతి చదువుతుంటే నీకూ అది ఉందేమో, జాబితా బరువు కింద కనబడలేదేమో అని నా అనుమానం.

ఇక ఉద్యోగం మానే విషయం. పేరున్న ఫోటోగ్రాఫర్ సెబాస్టియావ్ సాల్గాడో ఆర్థికవేత్తగా మంచి ఉద్యోగంలో ఉండి, భార్య కొనుక్కున్న కెమెరాతో మొదలుపెట్టి, 1973లో ఆ ఉద్యోగం వదిలేశారు. అప్పటికి ఆయనకు ముప్పై దాటలేదు. ఈ కథ అందరూ చెబుతారు. దాని తర్వాతి భాగం నాకు ముఖ్యం: చదివిన ఆర్థికశాస్త్రం వదిలేయలేదు. కూలీలు, వలసలు, భూమి లేనివాళ్లు, ఇవే ఆయన తీశారు. నువ్వు ఎనిమిదేళ్లు క్లెయిములు చూశావు. ఫారం మీద రాసిందానికీ అసలు జరిగిందానికీ తేడా పట్టే కన్ను నీకు వచ్చి ఉంటుంది. దాన్ని తీసి పారేయకు.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. వారంలో నేను కెమెరా పట్టుకునేది ఒకటిన్నర రోజు. మిగతాది ఏరడం, ఎడిటింగ్, ఫోన్లు, ఆల్బమ్ డిజైను, బకాయిలు అడగడం. ఆ బకాయిలు అడగడం నీకు చేతకాకపోతే ఎంత బాగా తీసినా నిలబడవు. అడ్వాన్సు లేకుండా తేదీ ఇవ్వకు. ఏమేం ఇస్తావో, ఎప్పటికి ఇస్తావో, రద్దయితే ఏమిటో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, బంధువులైనా సరే, బంధువులైతే మరీను. రెండు స్లాట్ల కెమెరా, రెండు కార్డుల్లోకీ ఒకేసారి రాసేలా సెట్టింగు. ఇంటికొచ్చాక మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. కార్డులు ఆ మూడూ అయ్యేదాకా ఫార్మాట్ చేయకు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా ఉత్తరం ఇవ్వకు.

పోతే, మూడు వారాలు కెమెరా ముట్టకపోవడం పెద్ద విషయం కాదు. నాకు ప్రతి సీజను చివరా అలాగే ఉంటుంది. నాలుగు నెలలుగా చెరువుకు వెళ్లకపోవడం మాత్రం పెద్ద విషయమే.


చెరువుగట్టు:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. 19 రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. చెప్పింది చేశాకే రాద్దామని ఆగాను.

ముందు చెరువు. అక్కా, వెళ్లాను. ఆ ఎండుకొమ్మ విరిగిపోయింది. నా పిట్టో, వేరేదో తెలియదు గానీ ఒకటి కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. ఫోటో తీయలేదు. గంటసేపు చూశాను. తల ఆడించిన ప్రతిసారీ నా వేలు దానంతటదే కదిలింది, చేతిలో కెమెరా లేకపోయినా.

తర్వాత ప్రింట్లు. 60 ఏరడానికే వారం పట్టింది. హాల్లో నేల మీద పరిచాను. మొదటి రెండు రోజులు పిట్టలే కనిపించాయి. మూడో రోజు మా అమ్మ అక్కడికి వచ్చి, "ఇవన్నీ ఏదో జరగబోయే ముందు తీసినట్టున్నాయి కదరా" అంది. మళ్లీ చూశాను. నీళ్లలో దూకిన ఫ్రేము ఒక్కటే ఉంది, నేను ఆరేళ్లుగా అందరికీ చూపించింది అదే. మిగతా 59లో 40 దాకా అంతకు ముందువే. రెక్క విప్పబోతున్న కొంగ. గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి దూకడానికి వెనకాడుతున్న పిల్లాడు. వల విసరబోతూ వెనక్కి వంగిన మనిషి. పిట్టలు కూడా లేవు కొన్నింటిలో. నాకిష్టమైంది ఆ బిగువు. దానికోసం కాసుకుని కూర్చోవడం.

రెండో షట్టర్ అన్నా, మీ మాట పట్టుకుని నా నాలుగు పెళ్లిళ్ల ఫోల్డర్లూ మళ్లీ తెరిచాను. 9,000కు పైగా ఫోటోలు. అలాంటివి 12 దొరికాయి. వాటిలో ఏడు, జాబితా అయిపోయాక ఎవరూ ఏమీ చెప్పని సమయంలో తీసినవే. పెళ్లికూతురు తలుపు తెరవబోతూ హ్యాండిల్ మీద చెయ్యి ఆపిన ఫోటో ఉంది. దాన్ని నేను వాళ్లకు ఇచ్చిన ఆల్బమ్‌లో పెట్టనే లేదు, "అసలు ఏమీ జరగని ఫోటో" అని తీసేశాను. నిన్న పంపాను. ఆమె ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

ఉత్తరం ఇవ్వలేదు. చించనూ లేదు. ఒప్పుకున్న రెండు ఫంక్షన్లు చేస్తాను, అందులో జాబితాకు ఒక గంట, ఆ మాట ముందే కాగితం మీద రాసి. అవి కాక, నాకు తెలిసిన ఒక నాటక బృందం రిహార్సళ్లకు రానిస్తామన్నారు. డబ్బు లేదు, కానీ ప్రదర్శనకు ముందు వాళ్లకు పోస్టరుకు ఫోటోలు కావాలి. తెర లేవబోయే ముందు తెర వెనక నిలబడ్డవాళ్లను తీయాలని ఉంది. నెలకు మూడు సాయంత్రాలు, ఏడాదిపాటు వెళ్తానని మాటిచ్చాను. ఏడాది తర్వాత మళ్లీ 60 పరుస్తాను.

ఒక సందేహం. మొన్న మొదటి రిహార్సల్‌కు వెళ్లినప్పుడు చప్పుడు కాకూడదని సైలెంట్ మోడ్ పెట్టాను. ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోల్లో అడ్డంగా నల్లచారలు వచ్చాయి. షట్టర్ 1/500, ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400, ఎఫ్4. కెమెరా పాడైందా?


రెండో షట్టర్:

కెమెరాకు ఏమీ కాలేదు. సైలెంట్ మోడ్ అంటే ఎలక్ట్రానిక్ షట్టర్. మామూలు కెమెరాల్లో అది సెన్సారును, అంటే వెలుగును పట్టే పలకను, పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. ఎల్ఈడీ కంటికి తెలియకుండా వెలిగి ఆరుతూ ఉంటుంది, వెలుగు తగ్గించినప్పుడు మరీను. ఆరినప్పుడు చదివిన వరసలు చారలవుతాయి. మెకానికల్ షట్టర్‌కు మారు, స్పీడు 1/125కి తగ్గించు. చారలు ఇంకా ఉంటే 1/100, 1/80 చూడు. నీకు కావాల్సింది కదలబోయే ముందు నిలబడ్డ మనిషి కాబట్టి 1/500 అవసరమే లేదు, ఆ మేరకు ఐఎస్ఓ కూడా 1600 దాకా దిగుతుంది. లైట్లు చూసేవాళ్లను అడిగి, ప్రతి సీనులోనూ ముందుగా నాలుగు ఫ్రేములు కొట్టి స్క్రీను మీద పెద్దది చేసి చూసుకో.

చప్పుడు సంగతికి, నటులతో ముందే చెప్పు. రెండో రోజుకు వాళ్లకు ఆ శబ్దం వినబడటం మానేస్తుంది.


గాజుసీసా:

తెర వెనక చీకటిగా ఉంటుంది కదా. తెర సందులోంచి వేదిక మీది వెలుగు వాళ్ల బుగ్గ మీద ఒక గీతలా పడుతుంది. దానికి ఎదురుగా కాకుండా, కొంచెం పక్కకు, వాళ్ల వెనక వైపుకు జరిగి నిలబడి చూడండి చెరువుగట్టు గారూ. ఆ గీత వెలుగుకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెట్టుకోండి, మిగతా ముఖం నీడలోకి పోతే పోనివ్వండి. ఒకటి తీశాక ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.